నిలవబెట్టిన నీళ్ళు

రామన్నపేటలో నాది మోటరు వైండింగ్ దుకాణం. రైతులు కాలిపోయిన బోరు మోటర్లు తెచ్చి పడేస్తే, మాడిన తీగ పీకి కొత్త రాగి తీగ చుట్టి ఇస్తాను. దాంతోపాటు ఇన్వర్టర్లు బాగుచేస్తాను, బ్యాటరీలు చూస్తాను. కరెంటు ఎప్పుడు పోతుందో, పోతే ఎంతసేపటికి వస్తుందో, వచ్చినా ఎంత పలచగా వస్తుందో ఈ చుట్టుపక్కల నాకు తెలిసినంత ఎవరికీ తెలియదని చాలాకాలం గప్పాలు కొట్టుకున్నాను. ఆ నోటితోనే ఈ సంగతీ చెప్పాలి. కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం మా ఇంట్లో ఐదు చేపలు చచ్చిపోయాయి. అవి ఎందుకు చచ్చిపోయాయో మా బాపుకు ఒక కారణం తెలుసు. నాకు రెండు తెలుసు. రెండోది ఆయనకు నేను చెప్పలేదు.

చేపల కోసం ఇంత రాతా అని ఎవరైనా అంటే అననివ్వండి. గొర్రెపిల్ల చస్తే ఆ పూట పొయ్యి వెలిగించని ఇంట్లో పుట్టినవాణ్ణి నేను. బాపు నడుము వంగేదాకా మంద కాసినవాడు. అమ్మ ఆయన వెనుక సద్దిగిన్నె మోసుకుని గుట్టల్లో తిరిగింది. ఇద్దరూ జీవితమంతా ఎక్కడ దాహమేస్తే అక్కడి బోరు నీళ్ళే తాగారు.

మా దిక్కు బోరు నీళ్ళల్లో ఫ్లోరైడు ఉంటుంది. ముందు పళ్ళ మీద గోధుమరంగు గీతలు పడతాయి. తర్వాత మోకాళ్ళు పట్టేస్తాయి. నడుము వంగుతుంది, వంగినది మళ్ళీ లేవదు. బాపుకు సగం వంగింది, కర్ర పట్టుకుని నేల చూస్తూ నడిచేవాడు. అమ్మకు మొత్తమే బిగుసుకుపోయింది. రాష్ట్రం వచ్చిన కొత్తల్లో ఆమె మంచం పట్టింది. మెడ తిరగదు. కుడిపక్కకు ఒత్తిగిల్లితే నొప్పి, ఎడమపక్కకు ఒత్తిగిల్లితే గోడ. అంటే పొద్దున్నించి పొద్దుగూకేదాకా ఆమెకు గోడే. ఆమె ఎక్స్‌రేలు నల్లగొండ దవాఖానకు పట్టుకుపోయి చూపిస్తే డాక్టరు, దీనికి మందు లేదు, మంచి నీళ్ళు తాగించండి అన్నాడు. ఎక్కడి మంచి నీళ్ళు సారూ అని గట్టిగానే అడిగాను. ఆయన మాత్రం ఏం చేస్తాడు పాపం. నాకు కోపం తొందరగా వస్తుంది, అది ముందే చెప్పుకోవడం మంచిది.

అదే రోజు నల్లగొండ బస్టాండుకు పోయే దారిలో చేపల దుకాణం కనబడింది. రెండడుగుల అద్దం తొట్టి, ఒక గాలి పంపు, సన్నటి రబ్బరు పైపు, ప్లాస్టిక్ కవర్లో ఐదు బంగారు చేపలు కొన్నాను. కవరు బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. బస్సు గుంతలో పడినప్పుడల్లా పక్క సీటులోని ముసలామె నాకంటే ముందు "అయ్యో పిల్లలు" అన్నది.

అమ్మ మంచం పక్కన, గోడకు ఆనించి, ఆమె కంటి ఎత్తుకు సరిపోయేలా ఇటుకలు పేర్చి తొట్టి పెట్టాను. పంపు వేయగానే అడుగునుంచి బుడగలు గుడగుడమంటూ లేచాయి. అమ్మ కళ్ళు బుడగల వెంట పైకి పోయి మళ్ళీ కిందికి వచ్చాయి. నేను లేవబోతుంటే, "గోడ పోయింది బిడ్డా" అన్నది.

ఆ రోజు నుంచి ఆ చేపలే ఆమెకు లోకం. ఏది తిన్నది, ఏది అలిగింది, ఏది దేన్ని తరుముతున్నది, అన్నీ చెప్పేది. బాపు మంచం పట్టె మీద కూర్చుని గుట్టమీది మంద సంగతి వింటున్నట్టే వినేవాడు.

ఇక కరెంటు. ఆ కొత్తల్లో ఇంకా బాగానే పోయేది. చిన్న తొట్టిలో ఐదు చేపలంటే గాలి ఆగితే ఎక్కువసేపు ఓర్చుకోలేవు. పైకి వచ్చి నోళ్ళు తెరిచి గుటకలు మింగుతాయి. అందరికీ ఫ్యాను ఆగితే కరెంటు పోయిందని తెలుస్తుంది, అమ్మకు బుడగలు ఆగితే తెలిసేది. "గుడగుడ ఆగింది రో!" అని కేక వేసేది. నేను గానీ నా భార్య గానీ ఉరికేవాళ్ళం. చెంబుతో తొట్టిలోని నీళ్ళే ముంచి, మూరెడు ఎత్తునుంచి మళ్ళీ తొట్టిలోనే పోయాలి. పడే ధారతో కొంత గాలి నీళ్ళల్లో కలుస్తుంది. గంట కరెంటు లేకపోతే గంటా పోయాల్సిందే. నా భార్య కుట్టుమిషను మీద జాకెట్టు సగంలో వదిలి వచ్చి పోసేది. "పిల్లలకు గూడ గింత చాకిరి చెయ్యలే" అని నవ్వేది.

నేను మోటర్లవాణ్ణి, చెంబు పట్టుకుని కూర్చోవడం నాకు నామోషీగా ఉండేది. పాత స్కూటరు బ్యాటరీకి ఒక చిన్న గాలి పంపు తగిలించి పెట్టాను. కరెంటు పోగానే రెండు తీగలు కలపాలి, రాగానే విడదీయాలి. నేను దుకాణంలో ఉంటే ఆ పని బాపుది. ఆయనకు కరెంటు అంటే పాముకన్నా భయం. అది షాకు కొట్టే బ్యాటరీ కాదని ఎంత చెప్పినా నమ్మలేదు. గొంగడి కొసలు రెండు చేతులకూ చుట్టుకుని, ముఖం అవతలికి తిప్పుకుని తీగలు కలిపేవాడు. అమ్మ మెడ తిప్పలేక, తొట్టి అద్దంలో ఆయన నీడ చూసి నవ్వేది. ఆ నవ్వు కోసమే ఆయన భయం కొంచెం ఎక్కువ చేసేవాడేమో అని ఇప్పుడు అనిపిస్తుంది.

తర్వాత మంచి ఇన్వర్టరు, పెద్ద బ్యాటరీ పెట్టాను. అమ్మ ఫ్యానుకు, ఒక లైటుకు, గాలి పంపుకు లైను ఇచ్చాను. కరెంటు పోయినా బుడగలు ఆగవు. పంపు ఒక్కటే నడిస్తే ఒక రాత్రీ ఒక పగలూ అయినా ఆగకూడదు. మొదటిసారి కరెంటు పోయినప్పుడు అందరం తొట్టి ముందు నిలబడి చూశాం. గుడగుడ అలాగే ఉంది. బాపు గొంగడి భుజాన వేసుకుంటూ, "నా నౌకరి పోయింది" అన్నాడు.

రెండేళ్ళకు మా వాడకు నల్లా వచ్చింది. కృష్ణా నీళ్ళు. మొదటి చెంబు బాపు పట్టి, వంగిన నడుముతో తొణకకుండా తెచ్చి అమ్మకు తాగించాడు. "సప్పగున్నై" అన్నది అమ్మ. పుట్టినప్పటినుంచి ఉప్పటి నీళ్ళే తాగిన నాలుక అది. బాపు మిగిలిన నీళ్ళు చూస్తూ, "గీ నీళ్ళు ముప్పై ఏండ్లు ముందుగాల వస్తే నీకు గీ మంచం తప్పుతుండె" అన్నాడు. ఆ తర్వాత నల్లా నీళ్ళు మా ఇంట్లో ఎవరూ ఒలకబోయడానికి వీల్లేదు. ఆరు బిందెలు పట్టడం, కడిగిన మూతలు పెట్టడం, ఎవరైనా వాటితో చేతులు కడిగితే తిట్టడం, అదంతా బాపు పని.

నేను మాత్రం తొట్టిలో నీళ్ళు మార్చినప్పుడల్లా బోరు నీళ్ళే పోసేవాణ్ణి. నల్లా నీళ్ళల్లో బ్లీచింగ్ కలుపుతారు. మనుషులకు మంచిదే, చేపలకు మాత్రం ఊపిరి ఆడనివ్వదు. బాపుకు నా పని నచ్చలేదు.

"మీ అమ్మను మంచానేసిన నీళ్ళురా అవి. మూగజీవాలకు గూడ అవే పోస్తవా?"

"నీకు తెల్వదు బాపూ, ఊకో" అన్నాను.

ఎందుకో చెప్పలేదు. చెప్పడానికి అర నిమిషం పట్టేది. దుకాణానికి వచ్చే ముక్కూమొహం తెలియనివాళ్ళకు ఏ ఫేజు ఎందుకు పోయిందో చాయ్ తాగించి మరీ చెప్పే మనిషిని. కన్నతండ్రికి ఊకో అని చెప్పాను.

ఆ నల్లా నీళ్ళు అమ్మ ఇంకో రెండేళ్ళు తాగింది. ఒక వానాకాలం, ఎడమపక్కకే తిరిగి, చేపల ముఖంగానే పోయింది. దినాలయ్యాక నేను ఆమె మంచం తీయబోతే బాపు వద్దన్నాడు. ఆయనే అందులో పడుకోవడం మొదలుపెట్టాడు, అదే పక్కకు తిరిగి. మందలో గొర్రెలను లెక్కబెట్టినట్టు పొద్దున ఒకసారి, పొద్దుగూకేటప్పుడు ఒకసారి చేపలను లెక్కబెట్టేవాడు. ఎవరైనా వచ్చి ఎన్ని చేపలున్నాయి తాతా అని అడిగితే మాత్రం చెప్పేవాడు కాదు. మా ఇళ్ళల్లో మంద లెక్క పైవాళ్ళకు చెప్పరు, దిష్టి తగులుతుందంటారు. అద్దంలోంచి అందరికీ కనబడే ఐదు చేపలకు కూడా ఆయన, "ఉన్నయి తియ్యి, దేవుడిచ్చినన్ని" అనేవాడు.

ఈలోగా కరెంటు పోవడం బాగా తగ్గింది. నెలలకు నెలలు ఇన్వర్టరు పనే పడలేదు. మంచిదే. కానీ అలవాటు తప్పిపోయింది. ఇన్వర్టరు బ్యాటరీలో నీళ్ళు తగ్గుతుంటాయి, మూడు నాలుగు నెలలకోసారి మూతలు తీసి బ్యాటరీ నీళ్ళు పోయాలి. ఊళ్ళో ఎవరు వచ్చినా నేను మొదట అడిగే మాట అదే: నీళ్ళు పోసినవా? పోయకపోతే చెడామడా తిట్టేవాణ్ణి. మా ఇంట్లో బ్యాటరీ మీద నీళ్ళు ఎంతున్నాయో చూపే ఎర్రగుర్తు కిందికి దిగిందని నా భార్య మూడుసార్లు చెప్పింది. దున్నపోతు మీద వాన. బ్యాటరీ నీళ్ళ క్యాను ఒకటి ఇంటికి తెచ్చాను కూడా. అది తలుపు పక్కన ఉండేది. పొద్దున చాయ్ గ్లాసు పెట్టుకోవడానికి ఎత్తు సరిగ్గా సరిపోయేది.

ఆ రోజు ఎండాకాలం. నా భార్య తన చెల్లెలి కాన్పుకని షాద్‌నగర్ పోయి ఉంది. నేను రాగి తీగ కోసం నార్కట్‌పల్లి పోయాను. ఇంట్లో బాపు ఒక్కడే. మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు పట్టి ఈదురుగాలి లేచింది. రోడ్డు పక్క హోటళ్ళ రేకులు ఎగిరాయి. నేను ఒక దుకాణం అరుగు మీద తలదాచుకుని, తీగ ధర దగ్గర షావుకారితో పేచీ పడుతుండగా ఫోను వచ్చింది.

"గుడగుడ ఆగింది బిడ్డా."

"ఆగదు బాపూ. ఇన్వర్టర్ ఉన్నది గద."

"ఉన్నది. కరెంటు పోయినంక జరసేపు నడిచింది. ఇప్పుడు కుయ్ కుయ్ అని మొత్తుకుని ఆగింది."

"స్విచ్చు తీసి మళ్ళ ఎయ్యి. నేనొస్తున్న. ఫికర్ చెయ్యకు."

ఫోను పెట్టేశాను. ఇన్వర్టరు అలా మొత్తుకుందంటే బ్యాటరీ అయిపోయిందని అర్థం. అది నాకంటే బాగా తెలిసినవాడు మా మండలంలో లేడు. ఆ మాట చెవిన పడింది, బుర్రలో పడలేదు. కిలోకు పది రూపాయలు తగ్గించమనే రందిలో ఉన్నాను.

తిరుగు ప్రయాణంలో రోడ్డుకు అడ్డంగా చెట్లు, వంగిన స్తంభాలు. ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. గడప దగ్గరే బ్లీచింగ్ వాసన కొట్టింది. ఎండాకాలం నల్లా నీళ్ళల్లో అది కొంచెం ఎక్కువే కలుపుతారు. లోపల నేలంతా తడి. ఆరు బిందెలూ మూతలు లేకుండా ఖాళీగా దొర్లుతున్నాయి. తొట్టి అంచులదాకా నిండి, నీళ్ళు తళతళా మెరుస్తున్నాయి. అంత తేటగా ఆ తొట్టి ఎప్పుడూ లేదు. మూడు చేపలు పక్కకు ఒరిగి తేలుతున్నాయి. రెండు అడుగున ఇంకా మొప్పలు కదిలిస్తున్నాయి. బాపు నేలమీద, గోడకు ఆనుకుని, చెంబు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బనియను తడిసి ఒంటికి అతుక్కుని ఉంది.

"ఏ నీళ్ళు పోసినవ్?"

"ముందుగాల అండ్ల నీళ్ళే తీసి పోసిన. మీరు పోసినట్టే. గంట పోసిన, రెండు గంటలు పోసిన. తేరుకోలే. నీళ్ళు పాడయినయేమో అనిపిచ్చింది. ఇగ మంచి నీళ్ళు పోసిన బిడ్డా. తాగేటియి."

అప్పుడు నేను అరిచిన అరుపు పక్కింటివాళ్ళకు కూడా వినబడింది.

"ఎవడు పొయ్యమన్నడు నిన్ను? అండ్ల బ్లీచింగ్ ఉంటది! పోస్తే చస్తయని తెల్వదా? పొయ్యాలంటే ఒక దినమంత మూత తీసి నిలవబెట్టి, వాసన పోయినంక పొయ్యాలె! అమ్మ చేపలను సంపినవ్ నువ్వు!"

బాపు తలెత్తలేదు. తలెత్తి మనిషి ముఖం చూడాలంటే ఆయన కర్ర పట్టుకుని లేవాలి. కర్ర దూరంగా పడి ఉంది.

"మీ అమ్మకైతే టైముకు దొరకలే" అన్నాడు నేలకేసి. "వీటికైనా మంచియి పోద్దామని పోసిన."

మిగిలిన రెండూ పొద్దుగూకేలోపే పోయాయి. ఐదింటినీ ఆయనే అరచేతిలోకి తీసుకుని, ఒక్కొక్కటీ నోటితో లెక్కబెడుతూ, పెరట్లో గోంగూర మడి పక్కన పాతిపెట్టాడు. నేను సాయం పోలేదు. నా కోపం ఇంకా దిగలేదు.

అప్పటికీ కరెంటు రాలేదు. అసలు ఇన్వర్టరు ఎందుకు ఆగిందో చూద్దామని టార్చి పట్టుకుని పోయాను. స్విచ్చుబోర్డు దగ్గర ఫ్యాను స్విచ్చు, లైటు స్విచ్చు తీసేసి ఉన్నాయి. పంపుది ఒక్కటే వేసి ఉంది. కరెంటు పోగానే తన ఫ్యాను తానే ఆపుకున్నాడన్నమాట, చేపలకు ఎక్కువసేపు వస్తుందని. ఆ ఉక్కపోతలో, ఆ నడుముతో, గంటలకొద్దీ చెంబు ఎత్తి పోశాడు.

తర్వాత బ్యాటరీ మూత తీశాను. చుక్క నీరు లేదు. రెండోది తీశాను, మూడోది తీశాను. ఆరూ ఎండిపోయి ఉన్నాయి. లోపలి పలకలు తెల్లగా ఉప్పు పట్టి ఉన్నాయి. దాంట్లో వేళకు నీళ్ళుంటే పంపు ఆగేది కాదు. పంపు ఆగకుంటే ఆయన చెంబు పట్టేవాడే కాదు. ఊరందరి బ్యాటరీలకూ నీళ్ళు పోసే నా ఇంట్లో బ్యాటరీ ఎండి చచ్చింది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఇదే. తలుపు పక్కన క్యాను సీలు కూడా తీయకుండా ఉంది. దాని మీద పొద్దుటి చాయ్ గ్లాసు ఇంకా అట్లాగే ఉంది.

లోపల్నుంచి బాపు అడిగాడు.

"అది ఎందుకు ఆగింది బిడ్డా?"

టార్చి నా చేతిలో వెలుగుతూనే ఉంది.

"పాతదైంది బాపూ" అన్నాను.

"అవునా" అన్నాడు ఆయన. అంతే. ఎందుకు నమ్మడు? కరెంటు సంగతుల్లో నా మాట వేదం ఆయనకు.

మర్నాడు పొద్దున్నే దుకాణం నుంచి కొత్త బ్యాటరీ తెచ్చి పెట్టాను. చేతులు కాలాక ఆకులు. నా భార్య రెండు రోజులకు వచ్చింది. ఖాళీ తొట్టి చూసింది, కొత్త బ్యాటరీ చూసింది, సీలు తీయని క్యాను చూసింది. ఆమెకు ఒక్క ముక్క కూడా చెప్పాల్సిన పని పడలేదు.

"మామకు చెప్పినవా?" అని మాత్రం అడిగింది.

"చెప్త."

"ఎప్పుడు?"

"చెప్త అన్న గద!" అని కసిరాను. ఆమె పోయి మిషను ముందు కూర్చుంది.

చెప్పలేదు. మొదటి రోజు సిగ్గుపడి చెప్పలేదు. తర్వాత ఆలస్యమైందని చెప్పలేదు. ఇంటికి ఎవరు వచ్చినా ఖాళీ తొట్టి చూసి చేపలేవని అడిగేవాళ్ళు. బాపు ఎవరూ నెట్టకుండానే చెప్పేవాడు: "నేనే సంపిన. మా ఆమె చేపలు. ఐదు ఉండె." మంద లెక్క ఏనాడూ బయట చెప్పని మనిషి. ఇక దిష్టి తగలడానికి ఏముంది. నేను పక్కనే ఉండేవాణ్ణి. ఒకోసారి, పోనీలే తాతా, తెలియక చేసినవు, అని వచ్చినవాళ్ళు ఓదారిస్తే నేను కూడా తలూపేవాణ్ణి. ఇంకో మాట కూడా ఉంది, రాయడానికి చెయ్యి రావడం లేదు. ఆయన నేనే సంపిన అన్నప్పుడల్లా నాకు కొంచెం నిమ్మళంగా ఉండేది.

చేపలు పోయిన వారానికి ఆయన ఒక బకెట్టులో నల్లా నీళ్ళు పట్టి తొట్టి కింద పెట్టాడు. మూత పెట్టలేదు.

"గిదెందుకు బాపూ?"

"నువ్వే చెప్తివి గద, ఒక దినమంత నిలవబెట్టాలెనని. నువ్వు ఏనాడు చేపలు తెచ్చినా నీళ్ళు తయారుండాలె."

ఆ తర్వాత ప్రతి రోజూ అదే. నిన్నటి బకెట్టు నీళ్ళు మిరప మొక్కలకు పోయడం, కడిగి కొత్తవి పట్టి పెట్టడం. మధ్యమధ్య వంగి, ముక్కు నీళ్ళ దగ్గర పెట్టి వాసన చూసేవాడు. వంగడం ఒక్కటే ఆయనకు సులువైన పని. వాసన పోయిందని తేలితే, "గిప్పుడు పొయ్యొచ్చు" అని తనలో తాను అనుకునేవాడు. తాను తాగే గ్లాసు కూడా వాసన చూసి తాగడం మొదలుపెట్టాడు. ఒకరోజు నన్ను మెల్లగా అడిగాడు: "గీ నీళ్ళు మనకైతే మంచివే గదా?" మంచివే బాపూ అన్నాను. ముప్పై ఏళ్ళు ఎదురుచూసిన నీళ్ళు. వాటి మీద ఆయనకు అనుమానం పుట్టించింది నేనే.

పనిమీద నల్లగొండ చాలాసార్లు పోయాను. చేపల దుకాణం ముందునుంచే నడిచాను. రెండుసార్లు లోపలికి పోయి, బంగారు చేపల ముందు నిలబడి, ఉత్త చేతులతో తిరిగి వచ్చాను. చేపలు వస్తే బుడగలు వస్తాయి, బుడగలు వస్తే కరెంటు మాట వస్తుంది, కరెంటు మాట వస్తే ఆ రోజు మాట వస్తుంది. అందుకే తేలేదు. ఇంటికి రాగానే ఆయన నా చేతుల వంక చూసేవాడు. ఖాళీ చేతులు చూసి, పోయి బకెట్టులో నీళ్ళ వాసన చూసేవాడు.

ఏడాది తిరిగి మళ్ళీ ఎండలు ముదిరాయి. ఒక పొద్దున నా భార్య చాయ్ తీసుకుపోతే బాపు లేవలేదు. ఎడమపక్కకు, ఖాళీ తొట్టి ముఖంగా పడుకుని ఉన్నాడు. దవాఖానకు తీసుకుపోయే పని కూడా పెట్టలేదు.

చుట్టాలు వచ్చారు, వాడవాళ్ళు వచ్చారు. లైను రిపేరని ఆ పొద్దున్నే కరెంటు తీశారు. ఇన్వర్టరు మాత్రం నిండుగా నడుస్తోంది. కొత్త బ్యాటరీకి నేను వేళ తప్పకుండా నీళ్ళు పోస్తున్నాను. తన ఫ్యాను తానే ఆపుకున్న మనిషి మీద ఆ రోజంతా ఫ్యాను ఆగకుండా తిరిగింది.

ఆఖరి స్నానానికి నీళ్ళు కావాలన్నారు పెద్దలు. కరెంటు లేదు కాబట్టి బోరు నడవదు. నల్లా వచ్చే వేళ కాదు. బిందెలు పట్టే మనిషే పోయాడు, బిందెల్లో నీళ్ళు అడుగునే ఉన్నాయి. పక్కింటినుంచి తెద్దామని ఎవరో లేస్తుంటే నా భార్య లోపలికి పోయి తొట్టి కింది బకెట్టు ఎత్తుకొచ్చింది. బాపు క్రితం రోజు పొద్దున పట్టి పెట్టిన నీళ్ళు. దించుతూ ఆమె నా ముఖంలోకి చూసింది. వాకిట్లో మూడు రాళ్ళ పొయ్యి మీద వాటినే కాచారు.

పెద్దకొడుకును, మొదటి చెంబు నాది. అరుగు మీద ఆయన్ని పడుకోబెట్టారు, వంగిన నడుము కింద గొంగడి మడిచి పెట్టారు. చెంబు ముంచాను. వంగి వాసన చూశాను, అలవాటు నాకెప్పుడు అంటుకుందో తెలియదు. బ్లీచింగ్ వాసన లేదు. ఒక దినమంతా సరిగ్గా నిలిచిన నీళ్ళు. చేపలకు పోయొచ్చు.

తలమీద పోస్తూ, అందరి ముందు, ఉన్న గొంతంతా పెట్టి చెప్పాను.

"బాపూ, నువ్వు సంపలే. బ్యాటరీల నీళ్ళు నేను పొయ్యలే. నేనే పొయ్యలే బాపూ."

ఏం నీళ్ళు, ఏం పొయ్యలేదు అని ఎవరో అడిగారు. దుఃఖంలో ఏదేదో అంటున్నాడులే అని ఇంకెవరో సర్దిచెప్పారు. నా భార్య ఒక్కతే కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగింది. నేను ఇంకోసారి చెప్పాను, ఇంకా గట్టిగా, చెవి దగ్గర వంగి. అప్పటికే ఆ చెవి నిండా ఆయన పట్టిన నీళ్ళే ఉన్నాయి. మా చిన్నాయన నా చేతిలోంచి చెంబు మెల్లగా తీసుకుని, తన వంతు పోశాడు.